సంగ్రహణి నుండి గ్లైకాన్ వరకు: సుబ్బారావు ఔషధ పరంపరలో మిగిలిన ప్రశ్న

భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు సోదరులను బలిగొన్నది ప్రేగు వ్యాధి. నాటి వైద్యులు దానిని స్ప్రూ అన్నారు; ఆయుర్వేదం సంగ్రహణి అంటుంది. అదే వ్యాధి సోకిన ఆయనను ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్స కాపాడింది. తరువాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. స్ప్రూ వల్ల కలిగే రక్తహీనతకు అది మందయింది.

స్ప్రూ పోషకాలు ఒంటబట్టని వ్యాధి. క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనే ప్రేగు శోథవ్యాధులు వేరు. వాటిలో శరీర రక్షక కణాలే ప్రేగు గోడపై తిరగబడతాయి. ఈ తేడా విస్మరించి సుబ్బారావు కృషిని అన్ని ప్రేగు వ్యాధులకూ అంటగట్టడం సరికాదు. అయినా సంబంధం ఉన్నది. ఫోలిక్ ఆమ్లాన్ని అనుకరించి దాని పనిని అడ్డుకొనే మెథోట్రెక్సేట్ ఆ ప్రయోగశాలల నుండే వచ్చింది. 1995లో ప్రచురితమైన పరీక్షలో 141 మంది క్రోన్స్ రోగులలో కొందరికి వారానికి 25 మిల్లీగ్రాముల చొప్పున దానిని ఇచ్చారు. 16 వారాలకు వారిలో 39.4 శాతం మందికి వ్యాధి ఉపశమించింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 19.1 శాతం మందికే ఆ ఫలితం కలిగింది. అల్సరేటివ్ కొలైటిస్‌లో మాత్రం 2016, 2018 సంవత్సరాల్లో వెలువడిన పరీక్షలు అటువంటి విజయాన్ని చూపలేదు.

చక్కెర గొలుసుల ప్రస్తావన ఇక్కడ అవసరమవుతుంది. చక్కెర అంటే వంటింటి పంచదార కాదు; కణం తన ప్రోటీన్లకు అతికించుకొనే గ్లైకాన్లు. టి-కణ గ్రాహకాలపై ఇవి కొమ్మలుగా విస్తరిస్తాయి. గెలెక్టిన్లు ఆ కొమ్మలను పట్టి అల్లికగా బిగించడం వల్ల గ్రాహకాలు సులభంగా గుమికూడలేవు; అంటే కణం ఉద్రేకం పొందడానికి బలమైన ప్రేరణ కావాలి. కొమ్మలు వేసే ఎంగాట్-5 ఎంజైము లేని ఎలుకలలో ఈ హద్దు తగ్గిపోతుందని టొరంటో శాస్త్రవేత్తలు 2001లో నిరూపించారు. అల్సరేటివ్ కొలైటిస్ రోగుల ప్రేగు టి-కణాలలో కొమ్మలు తక్కువని, ఆ లోపం వ్యాధి తీవ్రతతో ముడిపడి ఉందని 2014లో పోర్చుగల్‌లోని పోర్టో బృందం గుర్తించింది.

2018లో అదే బృందం రోగుల టి-కణాలకు బయట ఎన్-ఎసిటైల్‌గ్లూకోజమైన్ అందించగా కొమ్మలు పెరిగి, ఆ కణాల ఉద్రేకం తగ్గింది. ఎలుకలలో కొలైటిస్ తీవ్రత కూడా తగ్గింది. ఎలుకలో పనిచేసినది రోగిలోనూ పనిచేస్తుందని దీనితో తేలదు. కానీ పద్ధతి భిన్నమైనది. కణవిభజనకు కావలసిన ఫోలేట్‌ను మెథోట్రెక్సేట్ అందకుండా చేస్తుంది. ఆ దెబ్బ శోథకు సంబంధం లేని కణాలకూ తగులుతుంది. అందుకే ఆ మందు వాడే రోగికి ఫోలిక్ ఆమ్లాన్ని కూడా తోడుగా ఇస్తారు.