గుండె ఇచ్చిన గడువు

1991 వేసవిలో ఢిల్లీ ఇంట్లో పాములపర్తి వెంకట నరసింహారావు పుస్తకాలు పెట్టెల్లోకి చేరాయి. డెబ్బై ఏళ్లు నిండవస్తున్నాయి. ఏడాది ముందే అమెరికాలో గుండెకు బైపాస్ అయింది. ఆ ఎన్నికల్లో ఆయన నిలబడలేదు. హైదరాబాద్ వెళ్లి చదువుకుంటూ, రాసుకుంటూ గడపాలనుకున్నారు. వంగరలో దత్తపుత్రుడిగా పెరిగి, మంథని నుంచి ఇరవై ఏళ్లు శాసనసభలో కూర్చుని, ముఖ్యమంత్రిగా భూసంస్కరణల జోలికి వెళ్లి 1973లో కుర్చీ పోగొట్టుకున్న మనిషికి అది చాలినంత జీవితమే. మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో బాంబు పేలి రాజీవ్ గాంధీ చనిపోయారు. కాంగ్రెస్ పగ్గాలు పీవీ చేతికి వచ్చాయి. జూన్ 21న ఆయన ప్రధాని అయ్యారు. కట్టిన పెట్టెలు మళ్లీ విప్పాల్సి వచ్చింది.

బైపాస్ అంటే మూసుకుపోయిన నాళాన్ని బాగుచేయడం కాదు, రక్తానికి పక్క దారి వేయడం. ఎక్కువగా కాలిలోంచి తీసిన సిరను అందుకు వాడతారు. ఆ దారీ శాశ్వతం కాదు. పదేళ్లు గడిచేసరికి అలాంటి సిరల్లో సగం దాకా సన్నబడిపోతాయి, లేదా పూడుకుపోతాయి. అంటే కత్తి ఇచ్చే ఆయుష్షుకు గడువుంటుంది. పీవీ శిఖరం ఎక్కిందీ, కిందికి జారిందీ ఆ గడువులోనే.

ఖజానాలో విదేశీ మారకం అడుగంటిన దేశాన్ని మన్మోహన్ సింగ్‌ను తోడు చేసుకుని ఒడ్డున పడేశారు. మైనారిటీ ప్రభుత్వాన్ని ఐదేళ్లు లాక్కొచ్చారు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు గుమ్మటాలు కూలుతుండగా టీవీలో చూసిన ఆయన వైద్యుడు, హృద్రోగ నిపుణుడు డాక్టర్ కె.శ్రీనాథ్ రెడ్డి ప్రధాని ఇంటికి పరుగున వెళ్లారు. నాడి వేగంగా కొట్టుకుంటోంది, రక్తపోటు పెరిగింది. గుండె వేగం తగ్గించే మందు మరో మోతాదు ఇచ్చారు. మొహంలో ఏదీ కనబడనివ్వని మనిషి గుట్టును ఆరోజు నాడి బయటపెట్టింది. మసీదును కాపాడలేకపోయారన్న మచ్చ మాత్రం ఏ మందుకూ లొంగలేదు.

1996లో కాంగ్రెస్ ఓడింది. పార్టీ అధ్యక్ష పదవి పోయింది. 1998లో టికెట్టే ఇవ్వలేదు. ఇక మిగిలింది కోర్టు మెట్లు. ఆ మైనారిటీ ప్రభుత్వాన్ని నిలబెట్టుకునేందుకు జేఎంఎం ఎంపీలకు ముడుపులిచ్చారన్న కేసులో 2000 అక్టోబరులో మూడేళ్ల జైలు శిక్ష పడింది. క్రిమినల్ కేసులో శిక్షపడిన తొలి మాజీ ప్రధాని ఆయనే. అప్పటికి 79 ఏళ్లు. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. లఖూభాయ్ పాఠక్‌ను మోసం చేశారన్న కేసు 2003 డిసెంబరులో వీగిపోయింది.

2004 డిసెంబరు 9న గుండెపోటు వచ్చింది. ఎయిమ్స్‌లో చేర్చారు.

ఎనభై దాటిన ఒంటిలో గుండెపోటు ఛాతీ నొప్పిగానే రావాలని లేదు. దమ్ము వస్తుంది, చెమట పోస్తుంది, తిన్నది సహించదు, మాట తడబడుతుంది, మనిషి మత్తుగా పడి ఉంటాడు. అదే డిసెంబరులో మంథని పక్క పల్లెలోనో, ఆదిలాబాద్ అడవి గూడెంలోనో ఓ ముసలి బాపుకు ఇలాగే అయితే ‘గ్యాస్ పట్టిందిలే’ అని సోడా తాగించి పడుకోబెట్టేవారు. 108 అంబులెన్సు 2005 ఆగస్టులో గానీ రాలేదు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు మూడు వందల కిలోమీటర్లు.

పీవీకి ఆ కొరత లేదు. అయితే పెద్ద ఆసుపత్రిలోనూ ఆ వయసు వైద్యుడి చేతులు కట్టేస్తుంది. స్టెంటు వేద్దామంటే నాళాలు సున్నం పట్టి గట్టిపడి ఉంటాయి. నాళాలు కనబడడానికి ఎక్కించే మందు అరిగిన మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది కడుపులోనో మెదడులోనో రక్తస్రావం తెస్తుంది. ఆ రోజుల్లో చాలా పరిశోధనల్లో 75 దాటినవారిని చేర్చుకునేవారే కాదు. అందుకే ఎనభై దాటినవారికి ఏది మేలో వైద్యులు మంచం పక్కనే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇంకెన్నాళ్లు అన్నది ఒక ప్రశ్న. ఆ నాళ్లు ఎట్లా గడవాలని పెద్దాయన కోరుకుంటున్నాడు అన్నది రెండోది. రెండోదానికి జవాబు ఏ యంత్రమూ చెప్పదు.

పద్నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. డిసెంబరు 23న కన్నుమూశారు.

భౌతికకాయం అక్బర్ రోడ్డు 24వ నంబరు ముందు ఆగింది. తాను ఐదేళ్లు అధ్యక్షుడిగా కూర్చున్న పార్టీ కార్యాలయం గేటు తెరుచుకోలేదు. అంత్యక్రియలు ఢిల్లీలో జరగలేదు. 25న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున చితి పేర్చారు. పెద్దలంతా వెళ్లిపోయాక, ఆ రాత్రి టీవీల్లో సగం కాలిన చితిని చూపించారు. చూసినవాళ్లు ఆ దృశ్యాన్ని నేటికీ మరిచిపోలేదు.

తరువాత అన్నీ వచ్చాయి. ఒడ్డున జ్ఞానభూమి వెలిసింది. నెక్లెస్ రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. 2024 మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో భారతరత్నను కొడుకు అందుకున్నారు.

బైపాస్ ఇచ్చిన పద్నాలుగేళ్లలో ఐదేళ్లు దేశానికి పోయాయి. ఏడేళ్లకు పైగా కోర్టులు తీసుకున్నాయి. పదవి దిగాక ఏ కేసూ మెడ మీద లేకుండా ఆయన బతికింది 2003 డిసెంబరు నుంచి 2004 డిసెంబరు దాకా. ఒక్క ఏడాది.