బొమ్మలకు రంగులద్దిన చేతులు

నవ్వించినవారిని లోకము తలచుకొనును. ఆ నవ్వునకై తెరవెనుక శ్రమించినవారిని తలచుట యరుదు. బొమ్మల చలనచిత్రముల చరిత్ర ఈ మాటకు మంచి దృష్టాంతము. అందు స్త్రీల విద్యకును వృత్తికిని సంబంధించిన పాఠమొకటి యున్నందున దానిని మేమిచ్చట ప్రస్తావించుచున్నాము.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికాలోని చలనచిత్రశాలలలో ప్రధానచిత్రముతోపాటు ఏడెనిమిది నిమిషముల పొట్టి బొమ్మలచిత్రమును చూపు ఆచారముండెను. అట్టివానిలో వాల్ట్ డిస్నీ సంస్థ 1929 మొదలు 1939 వరకు వెలువరించిన ‘సిల్లీ సింఫనీ’ వరుస మిక్కిలి ప్రసిద్ధము. ఇందు 75 చిత్రములు గలవు. వీనియన్నిటికి నాయకుడొక్కడు కాడు. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క కథ. సంగీతమును ముందు నిలిపి బొమ్మలను దాని వెంట నడిపింపవలెనను తలంపు సంగీతకారుడు కార్ల్ స్టాలింగుది. మొదటిదైన ‘స్కెలిటన్ డాన్స్’లో శ్మశానమందలి అస్థిపంజరములు లయ తప్పక నర్తించును. 1932లో వచ్చిన ‘ఫ్లవర్స్ అండ్ ట్రీస్’ టెక్నికలర్ పద్ధతిచే సంపూర్ణవర్ణములను ధరించెను. బొమ్మల పొట్టిచిత్రములకు అకాడమీవారు ఏర్పరచిన బహుమతిని మొట్టమొదట గెలిచినదియు నదియే. 1933లో ‘త్రీ లిటిల్ పిగ్స్’ వచ్చినపుడు, ఆర్థికమాంద్యమున క్రుంగియున్న ప్రజలకు తోడేలును లెక్కచేయని పందిపిల్లల పాట ధైర్యవచనమయ్యెను.

ఈ చిత్రములెట్లు తయారగుచుండెనో చదువరులు తెలిసికొనవలెను. తెరపై ఒక్క సెకండునకు 24 చట్రములు కదలును. ఎనిమిది నిమిషముల చిత్రమునకు 11,520 చట్రములు కావలెను. ఒక్కొక్క బొమ్మను రెండేసి చట్రములకు వాడుకొన్నను వేలకొలది బొమ్మలు తప్పవు. చిత్రకారులు వానిని కాగితముపై పెన్సిలుతో గీయుదురు. పిదప ఆ కాగితముపై పారదర్శకమైన సెల్యులాయిడు రేకునుంచి రేఖలను సిరాతో ఎత్తి, రేకును త్రిప్పి వెనుకవైపున రంగులు నింపవలెను. రేఖ వెండ్రుకవాసి మందమెక్కినను తెరపై బొమ్మ వణకును. రంగు ఛాయ తప్పినచో మిణుకుమనును. ఈ పనియంతయు డిస్నీ సంస్థలో స్త్రీలది. చిత్రీకరణము ముగిసిన పిమ్మట పలుమారు ఆ రేకులను కడిగి మరల వాడుకొనిరి. ముంగిట తీర్చిన ముగ్గువలె వారి పనితనము చెరిగిపోయెను. తెరపై వారి పేర్లును కానరాలేదు.

పని దొరకుటయే గగనమైన ఆ దినములలో ఎందరో యువతులకు సంస్థ జీవనోపాధి కల్పించినదనుట న్యాయమే. కాని జీవనోపాధి వేరు, అభివృద్ధికి మార్గము వేరు. 1938లో ఉద్యోగమునకై దరఖాస్తు పెట్టిన యొక యువతికి సంస్థనుండి వచ్చిన ప్రత్యుత్తరమున, చిత్రరచనయందలి సృజనాత్మకమైన పని పురుషులదేననియు, స్త్రీలకు రేఖలెత్తుట, రంగులు నింపుట మాత్రమే కలదనియు స్పష్టముగా వ్రాయబడెను.

ఆ మాట వ్రాయునప్పటికే అది అసత్యము. బియాంకా మజోలీ యను నామె 1935లోనే ఆ సంస్థ కథావిభాగమున ప్రవేశించెను. 1936లో వచ్చిన ‘ఎల్మర్ ఎలిఫెంట్’ అను సిల్లీ సింఫనీ కథ ఆమె కల్పించినదే. అందు తోడిజంతువులు ఏనుగుపిల్లను తొండము చూచి ఎగతాళి చేయును. తుదకు దాని నెచ్చెలియైన పులిపిల్ల యింటికి నిప్పంటుకొనగా, ఆ తొండమే మంటలార్పును. అపహాస్యము పాలైన అంగమే ఆపదలో అక్కరకు వచ్చెనను ఈ కథను స్త్రీయొకతె అల్లినదని తెలిసినపుడు దాని రుచి మరింత హెచ్చును.

ఈ వరుస 1939లో ‘అగ్లీ డక్లింగ్’తో ముగిసెను. మూడేండ్లకు, 1942లో, ‘బాంబి’ చిత్రమున రెట్టా స్కాట్ అను నామె పేరు తెరపై కనబడెను. బొమ్మలకు కదలిక నిచ్చు చిత్రకారిణిగా ఆ సంస్థలో అట్టి గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె గీసినవి పూవులు కావు, సీతాకోకచిలుకలు కావు. జింకను తరుము భీకరములైన వేటకుక్కలు!

రేఖపై రేఖ దిద్దుటకు బుద్ధియేల యని కొందరందురు. వేలకొలది రేకులపై చేయి తొణకకుండుటకు ఎంతటి అభ్యాసము, ఎంతటి ఏకాగ్రత కావలెనో వారు యోచింపరు. అయినను మా వాదము రేఖలెత్తుట గొప్పదని కాదు. ఎవరు దేనికి తగుదురో ముందుగనే నిర్ణయించి తలుపు మూయుట తగదని. తలుపు మూసినవారే, లోపలికెవరును రాలేదు గనుక ఎవరికిని శక్తి లేదని సిద్ధాంతము చేయుదురు. మజోలీకి లభించిన బల్ల, స్కాటునకు లభించిన పెన్సిలు రేకులముందు కూర్చుండిన తక్కినవారికిని లభించియున్నచో ఎన్ని కథలు, ఎన్ని బొమ్మలు పుట్టియుండెడివో! మన యిండ్లలో ఆడపిల్లలకు పనులను, చదువులను పంచి యిచ్చు పెద్దలు ఈ ప్రశ్నను తమకు తాము వేసికొందురు గాక.