మూసీ వరద నివారణ పథకం: ‘పూర్తి’ అనే మాట పరిధి

హైదరాబాదు నగర చరిత్రను 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు ముందు, తరువాత అని విభజించడం పరిపాటి. నగరవాసులు ఉర్దూలో ‘తుగ్యానీ’ అని చెప్పుకొన్న ఆ విపత్తులో మృతులు పదిహేను వేల వరకు ఉంటారని ప్రచారంలో ఉన్న అంచనా. అనంతరం రూపొందిన వరద నివారణ పథకం 1920లో గండిపేట వద్ద మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ నిర్మాణంతో పూర్తయినట్లు సాధారణంగా పేర్కొంటారు. ఈ నిర్ధారణ ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బొంబాయి ప్రభుత్వ కొలువు నుండి విరమించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం 1909లో ఇంజనీరింగు సలహాదారుగా ఆహ్వానించింది. ఆయన వర్షపాతపు లెక్కలతోనే తృప్తిపడక, నగరానికి ఎగువనున్న పరీవాహక ప్రాంతపు చెరువులను కూడా పరిగణనలోకి తీసుకున్నారు. అక్కడి 788 చెరువులలో 221 తెగిపోయాయి; అంటే నాలుగింట ఒక వంతుకు పైగా. తెలంగాణ చెరువులు గొలుసుకట్టువి. ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. అనావృష్టిలో ఆదుకునే ఈ ఏర్పాటే కుంభవృష్టిలో ప్రమాదకారి అవుతుంది. ఒక కట్ట తెగితే ఆ తాకిడికి కింది కట్ట కూడా తెగుతుంది. కాబట్టి నాటి వరదకు అతివృష్టి ఒక్కటే కారణం కాదు. తెగిన కట్టలు దానికి తోడయ్యాయి.

నగరానికి ఎగువన వరదను నిలిపే జలాశయాలు, నగరంలో నదీతీరాలను ఎత్తుచేయడం, తీరోద్యానాలు, మురుగునీటి వ్యవస్థ అనేవి ఆయన సూచనలలో ముఖ్యమైనవి. 1909 చివర ఆయన మైసూరు సంస్థానంలో చీఫ్ ఇంజనీరు పదవికి వెళ్లారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. జలాశయాలు మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ఇతర ఇంజనీర్ల పర్యవేక్షణలో వెలశాయి. అవే నగరానికి తాగునీటి వనరులు కూడా అయ్యాయి. వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. దాహం తీర్చాలంటే అది నిండి ఉండాలి. ఈ రెండు ప్రయోజనాల వైరుధ్యం నిర్మాణంతో పరిష్కారమయ్యేది కాదు. ఏటేటా నీటిమట్టంపై తీసుకునే నిర్ణయాలే దానిని నియంత్రించాలి.

పైగా ఆనకట్టలకు దిగువన కురిసిన వాన వాటి అదుపులోకి రాదు. నగరం విస్తరించిన కొద్దీ ఆ ప్రాంతపు చెరువు శిఖాలలోను, వాగుల దారులలోను ఇళ్లు వెలిశాయి. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి పాతబస్తీ దక్షిణ ప్రాంతపు కాలనీలు నీట మునిగాయి. హిమాయత్‌సాగర్ పూర్తయిన 93 సంవత్సరాలకు, 1908 నాటి కారణమే నగరంలోపల మళ్లీ కనిపించింది.

1908 స్థాయి విపత్తు మూసీలో పునరావృతం కాలేదన్నది వాస్తవం. ఆ మేరకు జలాశయాల విలువ నిర్వివాదం. అయితే 1927 నిర్మాణం ముగిసిన సంవత్సరమే గాని, పథకం నెరవేరిన సంవత్సరం కాదు. తెగిన 221 చెరువుల పాఠం ఆనకట్టల చరిత్రలో మరుగున పడింది. చెరువు లేకున్నా పేరు మిగిలిన మాసబ్‌ట్యాంక్ వంటి స్థలనామాలను రెవిన్యూ దస్త్రాలతో కలిపి పరిశీలిస్తే, పోయిన గొలుసుకట్టును కొంతవరకైనా పునర్నిర్ణయించవచ్చు. ఆ పని నామవిజ్ఞాన పరిశోధకులు చేపట్టదగినది.