ఫిడేలు - తెలుగిండ్లు



వేసవి వచ్చినదనగానే మా శ్రీనగర్ కాలనీలో రెండు ధ్వనులు వినవచ్చును. మొదటిది మామిడిపండ్ల బండివాని కేక. రెండవది ఏ మేడమీదనుండియో జాలువారు ఫిడేలు రోదనము. రోదనమన్నందులకు ఆ పిల్లల తలిదండ్రులు నాపై కినుక వహింపకుందురు గాక. తొలి నెలలో ఎవ్వరిచేతనైనను ఆ వాద్యము ఏడ్చియే తీరును.

బడులకు సెలవు లిచ్చిన మరునాటినుండియే ఈ ప్రాంతమున సంగీతపు తరగతులు మొదలగును. నెల దినములు జరుగును. ఈ నడుమ నొక క్రొత్త వాడుక వచ్చినది: పిల్లతో గూడ తండ్రియో తల్లియో చాపమీద కూర్చుండి తామును కమాను పట్టుచున్నారు. ఒక్కొక్కచోట తాతగారును కలరు. "నెల దినములలో ఏమి వచ్చును? పెద్దవారికి ఈ వయసున ఈ పాట్లేల?" అని నన్ను పలువురడిగిరి. మా యింటనే ఈ ప్రశ్న పుట్టినది. మా మనుమరాలును, దాని తండ్రియు ఈ చదువులో చేరినవారే. నేను సంగీతవిద్వాంసుడను గాను, చరిత్ర చదువుకొన్నవాడను. కావున చరిత్రలోనే జవాబు వెదకితిని.

మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, ఫిడేలు మనది కాదు. రెండువందల యేండ్లకు కొంచె మెక్కువ కాలము క్రిందట అది దొరల వాద్యము. చెన్నపట్టణపు కోటలో కుంపిణీవారి బ్యాండుమేళము వాయించుచుండగా, చెంతనున్న మణలిలో ముత్తుస్వామి దీక్షితులవారి కుటుంబము నివసించుచుండెను. వారిని పోషించిన మణలి మొదలియారుగారు ఆ దొరల సంగీతమును వినుటకు వారిని గొనిపోయెడివారు. ముత్తుస్వామిగారు ఆ మెట్టులకు సంస్కృతమున సాహిత్యము గట్టిరి. వారి తమ్ముడు బాలుస్వామిగారి చూపు ఫిడేలుపై బడినది. మొదలియారుగా రొక ఐరోపీయుని నియమించి ఆయనకు ఆ వాద్యమును చెప్పించిరి. ఆయన మూడేండ్లు నేర్చి, పిదప మన రాగములను దానిపై పలికించెను. 1786లో పుట్టిన ఈ బాలుస్వామిగారు తరువాత ఎట్టయపుర సంస్థానమున ఆస్థానవిద్వాంసులైరి. తంజావూరు సోదరులలో నొకడైన వడివేలునకు 1834లో తిరువాన్కూరు ప్రభువగు స్వాతి తిరునాళ్ దంతపు ఫిడేలును బహుమానముగా నిచ్చెను. అనగా ఒక్క తరము గడచునంతలోనే దొరల వాద్యము రాజసభలో దంతపు తొడుగు తొడిగికొన్నది.

దీక్షితుల కుటుంబమునుగూర్చిన ఈ వృత్తాంతము మనకు దక్కుటకు ముఖ్యాధారము తెలుగు గ్రంథమే. బాలుస్వామిగారి దౌహిత్రులును, దత్తపుత్రులును అగు సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయపురమున ప్రకటించిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" తెలుగులిపిలో, తెలుగుభాషలో వెలువడినది. అరవదేశపు టూర, అరవవారింట, తెలుగున! నాటి సంగీతవిద్వాంసులకు తెలుగు ఎట్టి యిల్లో దీనివలన తెలియును.

ఇక ఆ పరాయి వాద్యము మనకేల అంతగా అంటుకొన్నది? వీణకు మెట్లు కలవు. ఫిడేలుకు మెట్లు లేవు. తంతులక్రింద నున్నగా నల్లని పలక యొకటియే యుండును. వ్రేలు ఆ పలకపై స్వరమునుండి స్వరమునకు జారుచు, వణకుచు, నడుమ నిలుచుచు గమకమును గొంతువలెనే పలుకును. కమాను నడచినంతసేపు నాదము తెగదు. పాశ్చాత్యులు నిలుచుండి గడ్డముక్రింద దానిని బిగించి పట్టుదురు. మనవారు నేలపై కూర్చుండి, వాద్యపు వెనుకభాగమును ఎడమభుజము చెంత నానించి, తలభాగమును కుడిపాదముపై నిలిపిరి. అట్లు చేయుటచే ఎడమచేతికి వాద్యము మోయు పని తప్పి, స్వేచ్ఛగా జారుటకు వీలు గలిగెను. నాలుగు తంతులను షడ్జపంచమములకు, మరల షడ్జపంచమములకు శ్రుతిచేసిరి. కొయ్యను చెక్కి మార్చినది లేదు. పట్టును, శ్రుతిని మార్చిరి, అంతే.

మెట్లు లేవంటిని గదా. దాని ఫలిత మొకటి కలదు. ఈ వాద్యమున కన్ను పనికిరాదు, చెవియే దారి చూపవలెను. మన తెలుగుదేశపు ఫిడేలు చరిత్రలో ఈ మాట పదేపదే ఎదురగును.

విజయనగరమున 1919వ సంవత్సరము ఫిబ్రవరిలో మహారాజా విజయరామ గజపతిరాజుగారు సంగీతకళాశాల స్థాపించిరి. దాని పుట్టుకనుగూర్చి ఆ యూర నొక కథ చెప్పుదురు. కొలువులోని చాగంటి జోగారావుగారి కుమారునకు చూపు లేదు. సంగీతము నేర్చుకొనవలెనని కోరిక. ఆ బాలుని ఒక్కని ఎచ్చటికైనను పంపుటకన్న, ఊరనే ఒక పాఠశాల పెట్టిన అందరకును మేలని రాజుగారు తలచిరట. హరికథా పితామహులగు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులైరి. అప్పటికి ఇరువదియైదేండ్ల వయసున నున్న ఒక యువకుడు విశాఖపట్టణమునుండి విద్యార్థిగా చేరుటకై వచ్చెననియు, దాసుగారు ఆయన ఫిడేలు విని, "నీవు నేర్చుకొనవలసినవాడవు కావు, నేర్పవలసినవాడవు" అను భావముతో ఆచార్యపదవి నిచ్చిరనియు ప్రతీతి. ఆ యువకుడే ద్వారం వెంకటస్వామినాయుడుగారు.

ద్వారంవారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరున జన్మించిరి. తండ్రి సైన్యమున ఉద్యోగి. పెరిగినది విశాఖపట్టణము. చిన్ననాడే చూపు మందగించుటచే బడిచదువు సాగలేదు. నల్లబల్ల కనబడని పిల్లవానికి నాడు బడిలో తావేది? అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఇంటనే ఫిడేలు నేర్పిరి. ఈ సంగతిని నేనెప్పుడు తలచినను నాకు కొంచెము భయము గలుగును. అన్నగారికే ఫిడేలు రాకున్న యెడల? వచ్చియు, తీరిక లేదని తప్పించుకొన్న యెడల? అంత గొప్ప నాదము ఆ యింటిగోడల నడుమనే అణగిపోయెడిది గదా. గురువు ముందుగా ఇంట దొరకెను. కళాశాల ఆ వెనుక వచ్చెను.

నాయుడుగారు 1936లో దాసుగారి వెనుక కళాశాలాధ్యక్షులైరి. అంతవరకు ఫిడేలు ఎక్కువగా గాయకుని ప్రక్కన కూర్చుండి అనుసరించు వాద్యముగా నుండెను. అది యొంటరిగా సభను మెప్పింపగలదని 1938లో వేలూరున తనియే కచేరి చేసి చూపిరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు సంగీతకళానిధి బిరుదముతో గౌరవించిరి. 1952లో ప్రపంచప్రసిద్ధుడగు యెహూదీ మెనూహిన్ మన దేశమునకు వచ్చినపుడు, మద్రాసులో పాకాల వేంకట రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాద్యమును వినెను. ఒకప్పుడు కోటలో దొర వాయింపగా మనవారు విన్నారు. నూటయేబదియేండ్లు తిరుగునప్పటికి తెలుగువాడు వాయింపగా దొర వినెను. ఆ సంవత్సరమే ఢిల్లీలో అంధుల సహాయార్థము నాయుడుగారు కచేరి చేసిరి. 1957లో పద్మశ్రీ వచ్చినది. 1964 నవంబరు 25వ తేదీన పరమపదించిరి. వారి కుమార్తె మంగతాయారుగారును ఫిడేలు విద్వాంసురాలే. కుమారుడు భావనారాయణరావుగారు, బంధువులు నరసింగరావుగారు ఆ విద్యను పలువురకు పంచిరి.

విజయనగరమునుగూర్చి చెప్పుచు అవసరాల కన్యాకుమారిగారిని విడుచుట తగదు. అచ్చటనే ఇవటూరి విజయేశ్వరరావుగారివద్ద తొలిపాఠములు నేర్చి, పిదప మద్రాసులో ఎం. చంద్రశేఖరన్‌గారి శిష్యురాలైరి. చంద్రశేఖరన్‌గారికిని చూపు లేదు. ఫిడేలుతో సంగీతకళానిధి బిరుదము నందిన తొలి మహిళ ఈ తెలుగు ఆడపడుచే. ఆ గౌరవము 2016లో లభించెను.

బెజవాడలో మరియొక శాఖ. పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరలోనివారు. గాత్రమును, ఫిడేలును రెంటిని బోధించిరి. వారి యింట అన్నవరపు రామస్వామిగారివంటి ఫిడేలు విద్వాంసులును, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారివంటి గాయకులును తయారైరి. బాలమురళిగారి ఇల్లు తొలుతనే సంగీతపుటిల్లు: తండ్రి వేణువాదకులు, తల్లి వైణికురాలు. వారు గాయకులుగా ప్రసిద్ధులయ్యును, ఫిడేలుకన్న పెద్దదగు వయోలాను సయితము సభలలో వాయించిరి. గురుకులవాస మనగా శిష్యుడు తెల్లవారుజామున లేచి, నీరు తోడి, గురువుగారి వెంట నడచి, రోజంతయు సంగీతము వినుట. పాఠము గంటసేపే యుండవచ్చును, వినికిడి మాత్రము పగలెల్ల. నాటి శిష్యులకును నేటి పిల్లలకును గల భేదము ఈ వినికిడియందే యున్నదని నా నమ్మకము. తెలివియందు గాని శ్రద్ధయందు గాని కాదు.

మా ప్రాంతపు కథయు ఇందు కొంత కలదు. విజయనగర కళాశాల సినిమాకును ఇల్లు చూపినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అచ్చట చదివిరి, పి. సుశీలగారికి ద్వారం భావనారాయణరావుగారే గురువులు. వారు పాడిన చిత్రములు మద్రాసున తయారయ్యెడివి. 1976లో అన్నపూర్ణ స్టూడియో తలుపులు తెరచిన వెనుక చిత్రపరిశ్రమ క్రమముగా ఈ కొండలకు తరలివచ్చి, జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్, మా శ్రీనగర్ కాలనీ అన్నియు సినిమావారి యిండ్లతో, కచేరీలతో నిండెను. ఒకప్పుడు పాట ముద్రణ మనగా గదినిండ ఫిడేళ్ళవారు వరుసలుగా కూర్చుండి, ఎదుట వ్రాతస్వరములు పెట్టుకొని, ఒక్క ఊపిరిగా కమాను నడపుట. నేడు కంప్యూటరులో నొక మీట నొక్కిన పది ఫిడేళ్ళ ధ్వని వచ్చుచున్నది. కొందరు సంగీతదర్శకులు నేటికిని మనుష్యులనే పిలుతురు, వారికి నమస్కారము. కాని ఫిడేలు నేర్చిన పిల్లవానికి సినిమా అన్నము పెట్టునని ఎవ్వరును ఆశ చూపరాదు.

నగరమున శాస్త్రీయమగు చదువు కోరువారికి రాంకోఠిలో 1952నుండి త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల కలదు. కచేరి వినగోరువారికి మా కాలనీలోనే సత్యసాయి నిగమాగమము కలదు. నెల దినముల తరగతి వీని రెంటికిని బదులు కాజాలదు.

ఇచ్చట నొక మాట చెప్పక కదలలేను. ఫిడేలు పరాయిదంటిని. కాని కమానుతో వాయించు వాద్యము ఈ తెలంగాణపు నేలపై మొదటినుండి కలదు. ఆదిలాబాదు అడవులలో రాజ్ గోండులకు వంశచరిత్రకారులగు ప్రధానులు మూడు తంతుల కిక్రి అను వాద్యమును కమానుతో వాయించుచు గోండీ గాథలను గానము చేయుదురు. ఒక్కొక్క ప్రధాను కుటుంబమునకు ఒక్కొక్క గోండువంశము పోషకము. పెర్సపెన్ పూజలోను, చావులోను, కేస్లాపురపు నాగోబా జాతరయందును వారి వాద్యము లేక పని నడువదు. 1940వ దశకమున నైజాము ప్రభుత్వము పక్షమున అచ్చట పనిచేసిన హైమన్‌డార్ఫ్ పండితుడు ఈ సంగతులను విపులముగా వ్రాసియుంచెను. ఆ విద్యకు బడి లేదు, పుస్తకము లేదు. తండ్రి ప్రక్కన కూర్చుండి కుమారుడు నేర్చును. పోషకవంశము చేతులు ముడుచుకొన్ననాడు, ఆ కుమారుడు కూలికి పోవును. కిక్రి గోడకు వ్రేలాడును. అచ్చట ఇంట నేర్పు గురువు కలడు, వినువారు తగ్గుచున్నారు. ఇచ్చట మా కాలనీలో వినుటకు మందిరము కలదు, ఇంట నేర్పు అన్నగారు లేరు. ఈ రెంటిలో ఏది పెద్ద లోటో నేను తూచలేను గాని, కొడుకునకు ఫిడేలు కొనిపెట్టిన తండ్రి ఒక్కసారి కేస్లాపురమునకు వానిని తోడ్కొనిపోయిన యెడల వేసవి తరగతి రుసుముకన్న ఎక్కువ ఫలము గలుగునని మాత్రము చెప్పగలను. నాగోబా జాతర పుష్యమాసమున వచ్చును. వేసవిదాక ఆగవలసిన పనిలేదు.

ఇక అడిగినవారికి జవాబు. నెల దినములలో ఏమి వచ్చును? సరళీవరుసలలో కొన్ని వచ్చును. వానికన్న ముఖ్యము, శ్రుతి వినుట వచ్చును. మా మనుమరాలి ఫిడేలు పలకపై స్వరస్థానములు తెలియుటకై రంగుకాగితపు ముక్కలు అంటించియుండిరి. రెండవవారమున దాని తండ్రి వానిని ఊడబెరికెను. పిల్ల యేడ్చినది, ఇక నేర్చుకొనననినది. అతడు ఫిడేలు తీసి తానే షడ్జము పట్టబోయి, మూడుసార్లు తప్పెను. పిల్ల కన్నీళ్ళ నడుమనే "పైకి, నాన్నా, ఇంకొంచెము పైకి" అనెను. నేను ప్రక్కగదిలో చదువుకొనుచుంటిని. చూడకయే చెప్పినది! పెద్దవారు కూర్చుండుటవలన ప్రయోజన మిదియే: తప్పు వినుటకు పిల్లకు ఇంట నొకరు దొరకుదురు.

కొనగోరువారికి ఒకటి రెండు మాటలు. పిల్లలకు పావు, అర, ముప్పాతిక కొలతల ఫిడేళ్ళు కలవు. చేతిపొడవు చూచి గురువు చెప్పినదే కొనవలెను. "పెరుగును గదా" యని పెద్దది కొనిన భుజము నొచ్చి పిల్ల మానుకొనును. కమాను గుఱ్ఱపుతోక వెండ్రుకలతో కట్టినది. వాయించిన వెనుక మర సడలింపవలెను. దేవదారు జాతి చెట్టుబంకతో చేసిన బిళ్ళను ఆ వెండ్రుకలకు రాయకున్న నాదమే పుట్టదు. ఎండకాలమున మోటారుబండిలో ఫిడేలు విడిచి దుకాణమునకు పోరాదు, అతుకులు విడిపోవును. సెలవులు ముగిసిన వెనుక దినమునకు పావుగంట చాలును. ఆ పావుగంట రాత్రి భోజనమునకు ముందే కానిండు. తరువాత నిద్ర వచ్చును, ప్రక్కయింటివారికి కోపము వచ్చును.