గైడ్ కెమెరా: మనిషి కంటి నుండి చౌక సెన్సర్ వరకు

పరిచయం

భూభ్రమణం వల్ల ఆకాశం సెకండుకు సుమారు 15 ఆర్క్ సెకండ్ల చొప్పున కదులుతున్నట్లు కనిపిస్తుంది. ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు. దూరదర్శినిని మోసే మౌంట్ మోటారు సాయంతో ఈ కదలికను అనుసరిస్తుంది. కాని దాని పళ్లచక్రాల్లో ఉండే చిన్న లోపాల వల్ల, నిమిషాల తరబడి తీసే ఛాయాచిత్రంలో నక్షత్రం చుక్కగా కాక గీతగా పడుతుంది. అందుకే ఒక నక్షత్రాన్ని గుర్తుగా పెట్టుకొని, అది పక్కకు జరిగినప్పుడల్లా మౌంట్‌ను సరిదిద్దాలి. దీనిని గైడింగ్ అంటారు. నేడు ఈ పని గైడ్ కెమెరా చేస్తోంది. తక్కువ ఖర్చులో దానిని ఎంచుకోవాలంటే ఈ పనికి ఏది అవసరమో, ఏది కాదో తెలియాలి. గైడింగ్ చరిత్ర ఆ విషయం చెబుతుంది.

కంటితో కాపలా

తడి ఫోటో ప్లేటు ఆరిపోయేలోపే పని ముగించాలి. పొడి జిలాటిన్ ప్లేట్లు వచ్చాక దీర్ఘ ఎక్స్‌పోజర్లు సాధ్యమయ్యాయి. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో ఓరియన్ నెబ్యులాను ఛాయాచిత్రంలో బంధించాడు. 1888లో ఇంగ్లండులో ఆండ్రోమెడాను తీసిన ఐజక్ రాబర్ట్స్, 20 అంగుళాల పరావర్తన దూరదర్శినికి తోడుగా 7 అంగుళాల వక్రీభవన దూరదర్శినిని వాడాడు. మొదటిది చిత్రానికి, రెండోది కాపలాకు. లిక్ వేధశాలలో బర్నార్డ్ పాలపుంత చిత్రాల కోసం గంటల తరబడి చలిలో కూర్చొని, ఒకే నక్షత్రం మీద చూపు నిలిపాడు.

హైదరాబాదు పాత్ర

1887లో పారిస్ సమావేశంలో ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసే అంతర్జాతీయ పథకం మొదలైంది. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వ పరమైంది. తరువాత అది ఈ పథకంలో చేరి, దక్షిణాకాశంలో 17 నుండి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ బాధ్యతను తీసుకొంది. బేగంపేటలో తీసిన ప్లేట్ల మీద నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టికలు ప్రచురించారు. నక్షత్రం గీతగా పడితే దాని స్థానాన్ని కచ్చితంగా కొలవలేం. కాబట్టి ఈ పట్టికల విలువ గైడింగ్ మీదే ఆధారపడింది.

కంటి స్థానంలో సెన్సర్

1969లో బెల్ ప్రయోగశాలల్లో సీసీడీ రూపుదిద్దుకొంది. 1989లో ఎస్‌బీఐజీ సంస్థ ఔత్సాహికుల కోసం ఎస్‌టీ-4 అనే గైడ్ కెమెరాను తెచ్చింది. దాని సెన్సర్‌లో ఉన్నవి 192 × 165, అంటే 31,680 పిక్సెళ్లే. అయినా అది రాత్రంతా కనురెప్ప వేయని కాపలాదారు అయింది. నేటికీ అనేక మౌంట్లలో గైడింగ్ తీగను గుచ్చే రంధ్రాన్ని ఎస్‌టీ-4 పోర్టు అనే పిలుస్తారు. తరువాత వెబ్‌క్యామ్‌లు, ఉచిత గైడింగ్ సాఫ్ట్‌వేర్ రావడంతో ఖర్చు మరింత తగ్గింది.

ఎంపికకు సూత్రం

నేటి చౌక గైడ్ కెమెరాల్లో 1280 × 960 పిక్సెళ్లు, ఒక్కొక్కటి 3.75 మైక్రాన్ల పరిమాణంలో ఉండే సెన్సర్ సాధారణం. దానిని 160 మి.మీ. నాభ్యంతరం గల చిన్న దూరదర్శినికి అమర్చారనుకోండి.

206 × 3.75 ÷ 160 = సుమారు 4.8 ఆర్క్ సెకండ్లు

ఒక్కో పిక్సెల్‌లో పడే ఆకాశం ఇంత. ఇది ముతకగా అనిపించవచ్చు. అయితే నక్షత్రపు వెలుగు పలు పిక్సెళ్ల మీద పరచుకొంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ వెలుగుకు కేంద్రాన్ని లెక్కకడుతుంది. పిక్సెల్‌లో పదో వంతు జరుగుబాటును పట్టుకొన్నా అది అర ఆర్క్ సెకండే. కాబట్టి ఎక్కువ పిక్సెళ్ల కోసం డబ్బు పెట్టనవసరం లేదు. ఒకటి రెండు సెకండ్లలో మసక నక్షత్రాన్ని పట్టగల సున్నితత్వం చూడండి. రంగు సెన్సర్ ముందుండే వడపోతలు కొంత వెలుగును ఆపుతాయి కనుక నలుపు-తెలుపు సెన్సర్ మేలు. మిగిలిన డబ్బును గట్టి బిగింపు మీద పెట్టండి. కాపలా దూరదర్శిని రవ్వంత వంగినా కెమెరాకు ఆ సంగతి తెలియదు. ప్రధాన చిత్రం మాత్రం చెడుతుంది.

సారాంశం

పనిముట్టు మారినా పని మారలేదు. బర్నార్డ్ కన్ను చేసిందే నేటి చౌక సెన్సర్ చేస్తోంది. గైడ్ కెమెరా అందమైన చిత్రం తీయనక్కరలేదు, ఒక్క నక్షత్రాన్ని వదలకుండా చూస్తే చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పొడి ప్లేట్ల రాకతో గైడింగ్ అవసరం ఎందుకు పెరిగింది?
2. నాభ్యంతరం 200 మి.మీ. అయితే పై సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్ సెకండ్లు వస్తాయి?