ఆర్.కె.పురంలో చిన్న సర్కారీ బడి: శాతాల వెనుక పిల్లలెవరు?

ఢిల్లీలో ఆర్.కె.పురం అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు, గుట్ట మీది మలై మందిర్, ఢిల్లీ పబ్లిక్ స్కూల్. పేరులో పబ్లిక్ అని ఉన్నా అది 1972లో మొదలైన ప్రైవేటు బడి. అసలైన ప్రజా బడులు, అంటే నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలు, ఇదే ప్రాంతంలో పెద్దగా ఎవరి కంటా పడకుండా నడుస్తున్నాయి. వాటి గురించి మాట వచ్చినప్పుడల్లా అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంతమంది పిల్లలున్నారు? వాళ్లలో ఎంత శాతానికి చదవడం వచ్చు? ఆ బడికి వచ్చే పిల్లలెవరో తెలియకుండా రెండో ప్రశ్నకు జవాబు చెబితే అది తప్పుదారి పట్టిస్తుంది.

ఢిల్లీలో బడుల బాధ్యత పంచుకున్న తీరు తెలుగు రాష్ట్రాలకు భిన్నం. నగరంలో ఎక్కువ భాగంలో నర్సరీ నుంచి ఐదో తరగతి వరకు చెప్పేది నగరపాలక సంస్థ. ఆరు నుంచి పన్నెండు వరకు ఢిల్లీ ప్రభుత్వ విద్యాశాఖది. ఒకటి నుంచి పన్నెండు దాకా ఒకేచోట చెప్పే సర్వోదయ విద్యాలయాలు కొన్ని విద్యాశాఖ కిందే ఉన్నాయి. చాలాచోట్ల ఒకే భవనంలో ఉదయం బాలికల బడి, మధ్యాహ్నం బాలుర బడి నడుస్తాయి. కాగితం మీద అవి రెండు బడులు, ఇద్దరు ప్రధానోపాధ్యాయులు, రెండు హాజరు పట్టీలు. కొన్నిసార్లు 'చిన్న బడి' అనేది ఈ లెక్కల వల్ల పుట్టినదే.

ఎవరు ఎటు వెళతారు

ఆర్.కె.పురంలో సెక్టార్ 2, 4, 8లలో కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి. బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసమే 1963లో ఆ వ్యవస్థ మొదలైంది. ప్రవేశాల్లో మొదటి ప్రాధాన్యం ఇప్పటికీ వాళ్లకే. తమిళ, మలయాళ సంఘాలు నడిపే బడులూ ఈ కాలనీలోనే ఉన్నాయి. తెలుగు పిల్లల కోసం దుర్గాబాయి 1948లో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు మాత్రం ఐటీఓ దగ్గర, జనక్‌పురి లాంటి చోట్ల ఉన్నాయి. కాబట్టి ఆర్.కె.పురం క్వార్టర్లో ఉండే తెలుగు ఉద్యోగి తన బిడ్డను కేంద్రీయ విద్యాలయానికో, బస్సెక్కించి దూరపు బడికో పంపుతాడు. పక్క వీధిలో ఉన్న నగరపాలక బడి వైపు చూడడు.

ఇక మిగిలేది ఆ క్వార్టర్లలో పనిచేసేవాళ్ల పిల్లలు. ఇంటిపనివాళ్లు, డ్రైవర్లు, కాపలాదారులు, కూరగాయల బండివాళ్లు, భవన నిర్మాణ కూలీలు. సెక్టార్ 1 వైపు అంబేడ్కర్ బస్తీ, ఏక్తా విహార్ లాంటి మురికివాడల నుంచి పిల్లలు వస్తారు. వీళ్లలోనూ మరో వడపోత ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు ఇవ్వాలి. వాటికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, ఆదాయ ధ్రువపత్రం తేవాలి, లాటరీలో పేరు రావాలి. ఇదంతా చేయగలిగిన కుటుంబం పేదదే అయినా కాగితాల పని తెలిసినది. అది కూడా చేయలేనివాళ్ల పిల్లలు నగరపాలక బడికి వస్తారు. అందుకే ఈ బడి ఫలితాన్ని డీపీఎస్‌తో పోల్చడం సంగతి అటుంచి, పక్క సెక్టార్ కేంద్రీయ విద్యాలయంతో పోల్చినా అది బడుల పోలిక కాదు. ఇళ్ల పోలిక.

పైగా ఆ ఇళ్లు నిలకడగా ఉండవు. సరోజినీ నగర్, నౌరోజీ నగర్, నేతాజీ నగర్ తదితర ఏడు ప్రభుత్వ కాలనీలను కూల్చి కొత్తగా కట్టాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఆర్.కె.పురాన్ని ఆనుకుని ఉన్న మొహమ్మద్‌పుర్ ఆ జాబితాలో ఉంది. క్వార్టర్ ఖాళీ అయితే ఉద్యోగికి మరో క్వార్టర్ ఇస్తారు. ఆ ఇంటిపనితో బతికే కుటుంబానికి అలాంటి ఏర్పాటేమీ ఉండదు. పని ఎక్కడ దొరికితే అక్కడికి వెళుతుంది. ఏప్రిల్‌లో మూడో తరగతిలో ఉన్న పిల్లలే మార్చిలో పరీక్ష రాస్తారన్న నమ్మకం ఇలాంటి బడిలో ఉండదు.

ఒక్క బిడ్డ, ఐదు శాతం

తరగతిలో 20 మంది ఉన్నారనుకుందాం. ఈ ఏడు 12 మంది పేరా చదవగలిగారు, 60 శాతం. వచ్చే ఏడు 15 మంది చదివారు, 75 శాతం. బడి బ్రహ్మాండంగా మెరుగుపడిందని పత్రికలో వస్తుంది. తేడా ముగ్గురు పిల్లలు. అదే బోధన, అదే టీచర్ ఉన్నా 20 మంది తరగతిలో 60 శాతం అన్న అంకె కేవలం యాదృచ్ఛికంగా అటూఇటూ 11 పాయింట్ల దాకా ఊగడం మామూలే. 200 మంది ఉన్నచోట ఆ ఊగిసలాట మూడున్నర పాయింట్లే.

ఇది అమెరికాలో పెద్ద ఎత్తున బయటపడింది. నార్త్ కరోలినా బడుల మార్కులను పరిశీలించిన ఆర్థికవేత్తలు థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో ఒక సంగతి చూపించారు: అవార్డులు పొందే జాబితాల్లో చిన్న బడులు ఎక్కువ, అట్టడుగు జాబితాల్లోనూ చిన్న బడులే ఎక్కువ. పైజాబితా మాత్రమే చూస్తే చిన్న బడే గొప్పదనిపిస్తుంది. ఆ రోజుల్లో చిన్న హైస్కూళ్ల మీద భారీగా ఖర్చుపెట్టిన గేట్స్ ఫౌండేషన్ తరఫున బిల్ గేట్స్, వాటిలో చాలా బడుల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల రాలేదని 2009 వార్షిక లేఖలో ఒప్పుకున్నారు. మన దగ్గర జరిగేది దీనికి తిరగేసిన పొరపాటు. కింది జాబితా మాత్రమే చూసి చిన్న బడి పనికిరానిదంటాం.

మన దగ్గర ఉన్న లెక్కలేమిటి

బడివారీగా బయటకు కనిపించేది యూడైస్ ప్లస్. పిల్లల సంఖ్య, బాలురు, బాలికలు, సామాజిక వర్గాలు, టీచర్లు, మరుగుదొడ్లు అన్నీ అందులో ఉంటాయి. మార్కులు ఉండవు. చదువు నాణ్యతను కొలిచేవి వేరే సర్వేలు. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ సర్వే నమూనా బడులను తీసుకుని జిల్లా స్థాయి ఫలితాలు ఇస్తాయి. ఏ ఒక్క బడి గురించీ చెప్పవు. ఏటా అందరూ ఉటంకించే అసర్ నివేదిక గ్రామీణ ప్రాంతాలది, ఆర్.కె.పురం దాని పరిధిలోకే రాదు. పిల్లలెవరో చెప్పే లెక్క ఒకచోట, వాళ్లకేం వచ్చో చెప్పే లెక్క మరోచోట ఉన్నాయి. రెండూ ఒకే బడి దగ్గర కలవవు.

ఈ ఖాళీలోకి నింద సులువుగా చొరబడుతుంది. తమ బడుల్లోని ఆరో తరగతి పిల్లల్లో 74 శాతం మంది సొంత హిందీ పాఠ్యపుస్తకంలోని పేరా చదవలేకపోతున్నారని ఢిల్లీ ప్రభుత్వం 2016లో ప్రకటించింది. ఆరో తరగతి విద్యాశాఖది, అంతకుముందు ఐదేళ్లు ఎక్కువగా నగరపాలక సంస్థవి. అప్పట్లో రెండుచోట్లా వేర్వేరు పార్టీలు అధికారంలో ఉన్నాయి. ఎవరి నింద ఎవరి మీద పడిందో ఊహించవచ్చు. 2018లో మొదలైన మిషన్ బునియాద్‌లో మాత్రం రెండు వ్యవస్థలూ కలిసి మూడు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే పని చేపట్టాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే ప్రశ్న

ఢిల్లీలో చిన్న బడి అరుదు, మనకు సర్వసాధారణం. 2024-25 యూడైస్ లెక్కల్లో దేశంలో 1,04,125 ఏకోపాధ్యాయ బడులుంటే 12,912తో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది. ఢిల్లీలో అలాంటివి తొమ్మిదే. ఒక్క పిల్లాడూ లేని బడులు తెలంగాణలో 2,245. విద్యాహక్కు చట్టం 60 మంది లోపు పిల్లలకు ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. అంటే చట్టం పూర్తిగా అమలైనా ఐదు తరగతులకు ఇద్దరే.

ఆంధ్రప్రదేశ్ 2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతులను సమీపంలోని హైస్కూళ్లకు తరలించే పని పెట్టుకుంది. 2025లో దాన్ని పక్కనపెట్టి మరో వర్గీకరణ తెచ్చింది. తరలింపుపై వాదనలు చాలానే నడిచాయి కానీ ఒక చిక్కు గురించి పెద్దగా మాట్లాడలేదు. మూడో తరగతి వేరే బడికి వెళ్లిపోయాక, ఒకటి రెండు తరగతులే మిగిలిన బడి ఏం నేర్పిందో ఏ సర్వే కొలుస్తుంది? పరఖ్ మొదలయ్యేదే మూడో తరగతి నుంచి.

ఢిల్లీలో ఆ తెగిపోయే చోటు ఐదో తరగతి. నగరపాలక బడిలో ఐదు పూర్తిచేసిన పిల్లలను దగ్గరలోని విద్యాశాఖ బడికి పంపుతారు. వాళ్లు అక్కడ ఎలా చదువుతున్నారో పాత బడికి తెలిసే మార్గం ఉండేది కాదు. 2022-23 నుంచి యూడైస్ ప్రతి విద్యార్థి పేరునా విడిగా నమోదు చేస్తోంది కాబట్టి ఒక బిడ్డను బడి మారినా వెంబడించడం ఇప్పుడు సాధ్యమే. ఆ ఏడాది ఆర్.కె.పురంలో ఒకటో తరగతిలో చేరి ఆగకుండా చదివినవాళ్లు ఆరో తరగతికి వచ్చేది 2027 ఏప్రిల్‌లో.