గునాహ్ వేరు, జుర్మ్ వేరు, హక్ వేరు

2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహాల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు పేరులోనే ఉన్న సుప్రియో చక్రవర్తి, ఆయన జోడీ అభయ్ డాంగ్ మన హైదరాబాద్‌లో ఉండేవాళ్లే. విచారణ సాగినన్నాళ్లూ మన ఇళ్లలో ఒకటే సవాల్: "ఇక నికాహ్‌లోకి కూడా కోర్టు వస్తుందా?"

జవాబు చిన్నది. రాలేదు. పర్సనల్ లాల జోలికి వెళ్లబోమని విచారణ మొదట్లోనే బెంచ్ చెప్పేసింది. బహస్ అంతా 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ మీదే నడిచింది. అది ఖాజీతోనూ పురోహితుడితోనూ పని లేకుండా సర్కారు దఫ్తర్‌లో చేసుకునే పెళ్లి. దీని ముందు రూపం 1872లో వచ్చింది. అప్పట్లో ఆ ఖానూన్ కింద పెళ్లాడాలంటే "నాది హిందూ మతం కాదు, ఇస్లాం కాదు, క్రైస్తవం కాదు" అని ఎలాన్ చేయాల్సి వచ్చేది. 1954లో ఆ షరతు పోయింది. అంటే పెళ్లి అన్న మాటకు ఈ దేశంలో చాలా కాలంగా రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి మజ్‌హబ్ ఇచ్చేది, రెండోది సర్కారు రాసుకునేది. గొడవ రెండో దాని గురించే.

అయినా మన దిల్‌లో బెచైనీ పోలేదు. దానికి కారణం మనం మూడు మాటల్ని ఒకే మూటలో కట్టేసుకోవడం అని నాకనిపిస్తుంది. అవి గునాహ్, జుర్మ్, హక్. ఈ మూట ఎవరు కట్టారో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇస్లాంలో స్వలింగ సంబంధం గునాహ్ అనే విషయంలో మన ఉలమాలో ఇఖ్తిలాఫ్ దాదాపు లేదు. నేను ఆలిమ్‌ని కాను, ఆ మస్‌అలా తిరగరాయడం నా పని కాదు. కానీ సజా విషయంలో ఇఖ్తిలాఫ్ ఉంది. మనలో చాలామంది పాటించే హనఫీ ఫిఖ్‌లో ఇమామ్ అబూ హనీఫా దీన్ని హద్ కింద చేర్చలేదు, తాజీర్‌కు వదిలారు. 1858లో ఉస్మానీ సల్తనత్ ఫ్రెంచ్ నమూనాలో కొత్త తాజీరాత్ రాసుకున్నప్పుడు, ఇద్దరు పెద్దవాళ్లు రజామందీతో చేసే దానికి అందులో ప్రత్యేక దఫా పెట్టలేదు. సరిగ్గా రెండేళ్లకు, 1860లో, అంగ్రేజులు మన దేశానికి ఇండియన్ పీనల్ కోడ్ ఇచ్చారు. అందులో దఫా 377 పెట్టి ఉమ్ర్ ఖైద్ దాకా సజా రాశారు. మనం మన తహజీబ్‌లోదే అనుకునే సెక్షన్ నిజానికి విక్టోరియా రాణి జమానాది.

మన దక్కన్ కూడా ఆ గాలికి దూరంగా లేదు. 1871లో అంగ్రేజులు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్‌లో హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలనే భాగం ఉంది. అదే బాటలో నిజాం రియాసత్ 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక ఖానూన్ చేసింది. హిజ్రాల పేర్లు పోలీసుల దగ్గర రాసి ఉండాలి. ఆడబట్టలతోనో నగలతోనో బజార్లో కనిపిస్తే వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. ఈ ఖానూన్‌ను తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసేదాకా అది కాగితం మీద బతికే ఉంది. మన ఇళ్లలో కొడుకు పుడితే దువా కోసం పిలిచి నజరానా ఇచ్చేది వాళ్లకే, పోలీసు రిజిస్టర్‌లో ముజ్రిమ్‌లుగా ఉన్నదీ వాళ్లే.

అదబ్‌లోనూ ఇదే జరిగింది. ఉర్దూలో రేఖ్తీ అనే సిన్ఫ్ ఉండేది. మగ షాయర్లు ఆడవాళ్ల జబాన్‌లో రాసేవాళ్లు. పదిహేడో శతాబ్దంలో మన దక్కన్‌లోనే బీజాపూర్ హాష్మీ అలా రాశారు. తర్వాత లక్నోలో రంగీన్, ఇన్షా రాశారు. ఆడవాళ్ల మధ్య ప్రేమ కూడా అందులో కనిపిస్తుంది. 1857 తర్వాత మన ఇస్లాహీ బుజుర్గులకు అంగ్రేజుల ముందు తలెత్తుకోవాలనే ఫికర్ పట్టుకుంది. ఆజాద్, హాలీల కాలం నుంచి ఉర్దూ షాయరీని కడగడం మొదలైంది. రేఖ్తీ మెల్లగా సిలబస్‌ల నుంచి జారిపోయింది. ఉర్దూ మీడియం బడిలో చదివిన నాకు అక్కడ ఆ పేరే వినిపించలేదు. 1942లో ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' అచ్చయ్యేసరికి ఆమె అశ్లీలత ముఖద్దమా కోసం లాహోర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ ముఖద్దమా నిలవలేదు.

ఆజాదీ తర్వాత కూడా చాలా ఏళ్లు ఖామోషీయే. 1977లో ఈ విషయం మీద, వీళ్లను ముజ్రిమ్‌లుగా చూడొద్దని చెబుతూ, ఒక కితాబ్ రాసింది ఎవరో కాదు, లెక్కల మాంత్రికురాలు శకుంతలా దేవి. ఆమె 1980లో మన మెదక్‌లో ఇందిరా గాంధీ మీద పోటీ చేశారు కూడా. 1987లో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా పోలీసులు ఒకరినొకరు పెళ్లాడితే, నౌకరీ నుంచి తీసేశారు. 1998లో షబానా ఆజ్మీ, నందితా దాస్ నటించిన 'ఫైర్' ఆడుతున్న హాళ్ల మీద దాడులు జరిగాయి. దాడులు జరిగాయి కాబట్టే, ఇళ్లలో నోరెత్తని మాట పేపర్ మొదటి పేజీకి ఎక్కింది.

2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ కేసులో, పెద్దవాళ్ల రజామందీ సంబంధం జుర్మ్ కాదంది. అప్పుడు ఒక అజీబ్ ఇత్తిహాద్ కనిపించింది. ఎన్నడూ ఒకచోట కూర్చోని హిందూ, ముస్లిం, ఈసాయీ సంస్థలు ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లాయి. వాటిలో మన పర్సనల్ లా బోర్డు కూడా ఉంది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు 377ను తిరిగి నిలబెట్టింది. 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు జడ్జీలు ఆ తీర్పును రద్దు చేశారు.

ఈ రెండు తీర్పుల కంటే ముందు, 2010లో, అలీగఢ్‌లో జరిగింది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ముస్లిం యూనివర్సిటీలో మరాఠీ చెప్పే ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ ఇంట్లోకి కొందరు కెమెరాతో దూరారు. ఆయన ఏకాంతాన్ని వీడియో తీశారు. యూనివర్సిటీ సస్పెండ్ చేసింది తలుపు తోసుకుని వచ్చినవాళ్లను కాదు, ఆయన్ను. అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్ ఆపింది. కొద్ది రోజులకే ఆయన తన గదిలో శవమై దొరికారు.

సూరా హుజురాత్‌లో తజస్సుస్ మనా. హజ్రత్ ఉమర్ గురించి ఒక మష్‌హూర్ రివాయత్ ఉంది. రాత్రి గస్తీలో ఒక ఇంటి గోడ ఎక్కి లోపల షరాబ్ తాగుతున్న వాణ్ని పట్టుకుంటే, "నేను చేసింది ఒక తప్పు, మీరు చేసినవి మూడు: నిఘా పెట్టారు, గోడ దూకారు, ఇజాజత్ లేకుండా వచ్చారు" అన్నాడట అతను. ఖలీఫా ఒప్పుకుని వెనక్కి వెళ్లారు. షరాబ్ అప్పుడు హలాల్ అయిపోలేదు. గునాహ్ గునాహ్‌గానే ఉంది, చారదీవారీ కూడా నిలిచింది.

దేశంలో జనం మనసు మారిన తీరులోనూ నాకు ఇదే కనిపిస్తుంది. ప్యూ రీసెర్చ్ సర్వేల్లో, సమాజం స్వలింగ సంబంధాలను ఒప్పుకోవాలన్న హిందుస్తానీలు 2014లో 15 శాతం, 2019లో 37 శాతం. 2023లో పెళ్లికి ఖానూనీ గుర్తింపు ఇవ్వాలా అని అడిగితే 53 శాతం అవునన్నారు, 43 శాతం కాదన్నారు. ఔనన్న వాళ్లంతా తమ మజ్‌హబ్ వదిలేసి ఉంటారని నేననుకోను. నాకు నచ్చకపోవడం వేరు, సర్కారు సజా వేయడం వేరు అని చాలామంది విడదీసి చూడటం మొదలుపెట్టి ఉంటారు.

2023 తీర్పులో పెళ్లి అనేది బునియాదీ హక్ కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు. ఫరక్ వచ్చింది సివిల్ యూనియన్ దగ్గర. అంటే పెళ్లి పేరు పెట్టకుండా, ఇద్దరు కలిసి బతుకుతున్నారని సర్కారు గుర్తించడం. చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఆ హక్ ఉందన్నారు. జస్టిస్ భట్, జస్టిస్ కోహ్లీ, మన హైదరాబాద్ వాసి జస్టిస్ నరసింహ లేదన్నారు. మూడుకు రెండుతో మాట పార్లమెంటుకు వెళ్లింది. 2025 జనవరిలో రివ్యూ దరఖాస్తులూ ఖారిజ్ అయ్యాయి. మధ్యలో 2024 ఆగస్టులో, ఇలాంటి జోడీ జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికి అడ్డు లేదని ఆర్థిక శాఖ చెప్పింది. ఆస్పత్రిలో సంతకం, విరాసత్, పెన్షన్ లాంటివన్నీ ఇంకా అధర్‌లోనే ఉన్నాయి.

వీటిలో ఏది ఇచ్చినా మన నికాహ్‌నామాలో ఒక్క అక్షరం మారదు. ఇవ్వనే వద్దని అడ్డుపడితే మాత్రం మనకు నుక్సాన్ ఉంది. 1937 షరియత్ యాక్ట్ మనకు మన తరీఖాలో బతికే జాగా ఇచ్చింది. అక్సరియత్‌కు నచ్చదు కాబట్టి నీ ఘర్ నీకు లేదు అనే దలీల్‌ను ఈ రోజు ఇంకొకరి మీద వాడితే, రేపు అదే మన దర్వాజాకు వస్తుంది. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి అమలైన ఉమ్మడి పౌరస్మృతిలో, పెళ్లి లేకుండా కలిసి ఉండే ఆడ, మగ సర్కారు దగ్గర పేర్లు రాయించుకోవాలి, లేకపోతే జైలు. అదే కితాబ్ మన పర్సనల్ లానూ తుడిచేసింది.

చివరగా ఇళ్ల సంగతి. మన ఖాందాన్‌లలోనూ ఇలాంటి పిల్లలు పుడతారు, పుట్టారు. తెలిసినప్పుడు మనం సాధారణంగా చేసే ఇలాజ్ ఏమిటంటే జల్దీ నికాహ్ చేసేయడం. అబ్బాయి తల వంచుకుని కూర్చుంటాడు, వలీమా ఘనంగా జరుగుతుంది, అందరి ఇజ్జత్ నిలుస్తుంది. అతని హిసాబ్ అల్లాహ్ దగ్గర ఉంది. కానీ ఏమీ తెలియకుండా ఖుబూల్ అన్న ఆ అమ్మాయి హిసాబ్ మన దగ్గరే ఉంది. నికాహ్‌లో ధోకా జుల్మ్ అని చెప్పడానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు.